చెట్టు బరువు ఎక్కడిది? జీవావరణ శాస్త్రం గురించి విద్యార్థులతో

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముందు మీకో ప్రశ్న. ఒక మహావృక్షం ఉంది. దాన్ని తూచగలిగితే టన్నుల్లో తూగుతుంది. అదే చెట్టు విత్తనంగా ఉన్నప్పుడు చిటికెడు కూడా లేదు. మరి ఇంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది? చెప్పండి, భయం లేదు, మార్కులేమీ పోవు. ‘మట్టి’ అని ఎక్కువమంది అంటున్నారు. ‘నీళ్లు’ అని అటువైపు నుంచి వినిపించింది. ‘ఎరువు’ అని ఒకరు.

ఈ ప్రశ్నకు తూకం వేసి జవాబు వెతికినవాడు యాన్ వాన్ హెల్మాంట్. ఇప్పుడు బెల్జియం అంటున్న ప్రాంతంవాడు. ఎండబెట్టిన మట్టి 200 పౌండ్లు తూచి తొట్టిలో పోశాడు. అందులో 5 పౌండ్ల విల్లో మొక్క నాటాడు. 5 ఏళ్లపాటు నీళ్లు తప్ప ఇంకేమీ వేయలేదు. ఆ తర్వాత చెట్టును పెరికి తూస్తే 169 పౌండ్లు. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది కేవలం 2 ఔన్సులు. అంటే 60 గ్రాములు కూడా కాదు! ఆయన చనిపోయాక, 1648లో ఈ సంగతి అచ్చయింది. మట్టి కాదని తేలింది కాబట్టి చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన తేల్చేశాడు. ప్రయోగం బ్రహ్మాండంగా ఉంది, తీర్మానం మాత్రం సగమే నిజం. తమాషా ఏమిటంటే గ్యాస్ అనే మాటను శాస్త్రంలోకి తెచ్చినవాడు ఆయనే. బొగ్గు కాలితే వచ్చే వాయువు గురించి రాసినవాడూ ఆయనే. మనం ఇవాళ కార్బన్ డయాక్సైడ్ అంటున్నది అదే. చెట్టు బరువుకు అసలు జవాబు అందులోనే ఉంది. ఆ రెండిటికీ ముడి ఉందని ఆయనకు తట్టలేదు, అంతే.

ఎండిన కట్టెలో సుమారు సగం బరువు కార్బన్. ఆ కార్బన్ గాలిలోంచి వచ్చింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ వాటా 0.04 శాతం మాత్రమే. ఆ కాస్తంత దాన్నే ఆకులు పట్టుకుని, నీటితో కలిపి, సూర్యకాంతి సాయంతో చక్కెరగా మారుస్తాయి. కిరణజన్య సంయోగక్రియ అని మీరు ఎప్పటి నుంచో చదువుతూనే ఉన్నారు. పరీక్షలో సమీకరణం రాయమంటే టకటకా రాసేస్తారు. చెట్టు బరువు ఎక్కడిదని అడిగితే మాత్రం మట్టి అంటారు! అందుకే ఇవాళ నిర్వచనాలతో మొదలుపెట్టలేదు.

జీవావరణ శాస్త్రంలో నాకు తెలిసి రెండే ప్రశ్నలున్నాయి. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుంది? ఏ జీవిని చూసినా, ఏ చెరువును చూసినా ఈ రెండూ అడుగుతూ పోతే చాలావరకు దారి దొరుకుతుంది.

నిర్వచనాలు మీ పుస్తకంలో ఎలాగూ ఉంటాయి, గబగబా చెప్పేస్తాను. ఒకే జాతి జీవులు ఒక చోట ఉంటే జనాభా. అక్కడుండే అన్ని జాతులూ కలిస్తే సముదాయం. ఆ సముదాయానికి మట్టి, నీరు, గాలి, ఎండ కూడా కలిపి ఒకటిగా చూస్తే ఆవరణ వ్యవస్థ. ఈ శాస్త్రానికి 1866లో ఎర్నెస్ట్ హెకెల్ పేరు పెట్టాడు. ఆవరణ వ్యవస్థ అనే భావనను 1935లో ఆర్థర్ టాన్స్‌లీ ముందుకు తెచ్చాడు. జీవం ఉన్నవాటినీ లేనివాటినీ విడదీసి చదివితే కథ సగమే తెలుస్తుందని ఆయన వాదన. చెట్టు బరువు గాలిలోంచి వచ్చిందని తెలిశాక మీరూ ఒప్పుకుంటారు.

ఇక శక్తి సంగతి. మొక్క మీద పడిన సూర్యకాంతిలో మొక్క తన ఒంట్లో దాచుకోగలిగేది మామూలుగా 1 శాతం, అటూ ఇటుగా. మిగతాది తిరిగి వెళ్లిపోతుంది, లేదా వేడిగా మారుతుంది. నేల మీద మనం చూసే జీవమంతా దాదాపు ఆ ఒక్క శాతం మీదే బతుకుతోంది.

గొంగళిపురుగు ఆకు తింటుంటే దగ్గరగా చూశారా? ఆకు అంచును కాళ్లతో పట్టుకుని, తల పై నుంచి కిందికి దించుతూ అర్ధచంద్రాకారంలో కొరుక్కుంటూ పోతుంది. మళ్లీ తల పైకెత్తుతుంది, మళ్లీ కిందికి. కాసేపు అక్కడే నిలబడితే కింది ఆకుల మీద చిన్నచిన్న నల్లని గుళికలు రాలడం కనిపిస్తుంది. అది దాని పెంట. ఒక గుళికను నీటిలో నానబెట్టి భూతద్దంతో చూడండి, ఆకు ముక్కలు ఇంకా ఆనవాలు పట్టేలా ఉంటాయి. తిన్నదాంట్లో సుమారు సగం ఇలా బయటికే పోతుంది. ఒంటికి పట్టిన సగంలో కూడా ఎక్కువ భాగం కదలడానికి, ఊపిరికి, ఒళ్లు నడవడానికి ఖర్చైపోతుంది. చివరికి పురుగు ఒళ్లుగా మారేది కొంచెమే. ఆ పురుగును తినే పిట్టకు అందేది ఆ కొంచెమే. పిట్ట సంగతి ఇంకా ఘోరం. దాని ఒళ్లు ఎప్పుడూ వెచ్చగా ఉండాలి కదా! పక్షులు, క్షీరదాలు ఒంటికి పట్టించుకున్న శక్తిలో కొత్త కండగా మార్చుకునేది 1 నుంచి 3 శాతమే. మిగతాదంతా ఒంటి వేడికీ తిరుగుడుకీ సరిపోతుంది.

ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తి ఎంత చేరుతుందో లెక్క తేల్చే దారి చూపింది రేమండ్ లిండెమాన్ అనే యువకుడు. అమెరికాలోని మిన్నెసోటాలో సెడార్ బాగ్ లేక్ అనే చిన్న సరస్సును ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఆయన వ్యాసాన్ని మొదట తిప్పి పంపారు, మరీ సిద్ధాంతంలా ఉందని. చివరికి 1942లో అచ్చైంది. అప్పటికి ఆయన లేడు, ముప్పై ఏళ్లు నిండకుండానే జబ్బుతో పోయాడు. మీ పుస్తకంలోని ‘10 శాతం నియమం’ ఆయన పేరు మీదే ఉంది. కానీ ఒక్క మాట. 10 అనేది రాతిలో చెక్కిన అంకె కాదు. ఒక చోట 5 ఉంటుంది, ఇంకో చోట 20 ఉంటుంది. లెక్క సులువుగా ఉంటుందని 10 అంటాం.

ఆ లెక్కే వేద్దాం. గడ్డిలో 10,000 యూనిట్ల శక్తి ఉంటే, గడ్డి తినే జంతువుల్లో 1,000. వాటిని తినేవాటిలో 100. ఆ పైన 10. ఆ తర్వాత ఇంకో జంతువు బతకాలంటే మిగిలింది ఒకటి! అందుకే ఆహార గొలుసులు నాలుగైదు మెట్లు దాటవు. పెద్దపెద్ద వేటజంతువులు అరుదుగా ఉండటానికీ, ఒక్కొక్కటి అంత విశాలమైన ప్రాంతం తిరగాల్సి రావడానికీ మూలకారణం ఇదే. పులి బద్ధకంగా పడుకుంటుందని అంటారు. పాపం, దాని ఖాతాలో ఉన్నదే అంత.

ఇక్కడ చిన్న చిరాకు చెప్పుకోవాలి. ఆహార గొలుసు గీయమంటే చాలామంది బాణం గుర్తును పులి నుంచి జింక వైపు గీస్తారు, పులి జింకను తింటుంది కాబట్టి. బాణం గుర్తు చూపేది ఎవరు ఎవరి మీద పడ్డారని కాదు, శక్తి ఎటు పోయిందని. జింక నుంచి పులికి. గడ్డి నుంచి జింకకు. మరి పులి నుంచి ఎటు?

ఆ బాణం చాలా బొమ్మల్లో ఉండదు. ఉన్నా కింద ఓ మూలన చిన్న డబ్బా గీసి ‘విచ్ఛిన్నకారులు’ అని రాసి ఊరుకుంటారు. ఇది మాత్రం అన్యాయం. అడవిలో ఒక ఏడాది పెరిగిన ఆకూ కొమ్మా వేరూ అన్నీ లెక్కేస్తే, పచ్చిగా ఉన్నప్పుడు జంతువులు తినేది తక్కువ. చాలా అడవుల్లో 80, 90 శాతం దాకా రాలిపోయి, చచ్చిపోయాకే ఇంకొకరి నోటికి చేరుతుంది. అంటే అసలు దారి ఆ మూలన ఉన్న డబ్బాలోంచే పోతోంది. జింకా పులీ పక్కదారి!

చెట్ల కింద రాలిన ఆకుల పొరను ఎప్పుడైనా చేత్తో మెల్లగా తీసి చూడండి. పైన ఆకులు ఎండి గలగలమంటుంటాయి, ఆకారం చెడదు. వాటి కింద తడి తగిలిన ఆకులు, గోధుమ రంగు తిరిగి మెత్తబడి ఉంటాయి. ఇంకొంచెం కింద ఆకు కండ అంతా పోయి ఈనెలు మాత్రం జాలీలా మిగులుతాయి. రెండు ఆకుల మధ్య తెల్లటి దారాలు అంటుకుని సాగుతాయి, అవి శిలీంధ్రాల పోగులు. ఆకుల్లోకి చొచ్చుకుపోయి, బయటే జీర్ణరసాలు వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటాయి. అక్కడే రోకలిబండలు, పేలంత పురుగులు, వానపాములు తిరుగుతుంటాయి. ఇవి ఆకును ముక్కలు చేస్తాయి, ముక్కలైన కొద్దీ బాక్టీరియాకు పని తేలికవుతుంది. అన్నిటికన్నా కింద నల్లటి పొడి. అది ఆకో, కొమ్మో, పురుగు రెక్కో చెప్పలేం. వాన వెలిశాక అడవిలో వచ్చే మట్టి వాసన కూడా నేలలోని ఒక రకం బాక్టీరియా తయారుచేసే పదార్థం వల్లే ఎక్కువగా వస్తుంది.

ఈ పొరలో జరుగుతున్నది కిరణజన్య సంయోగక్రియకు సరిగ్గా వ్యతిరేకమైన పని. చెట్టు గాలిలోంచి పట్టుకున్న కార్బన్‌ను ఇవి మళ్లీ గాలిలోకి వదులుతాయి. దాంతోపాటు నత్రజని, భాస్వరం, పొటాషియం మట్టికి తిరిగొస్తాయి. హెల్మాంట్ తొట్టిలో తగ్గిన ఆ 2 ఔన్సులు గుర్తున్నాయా? చెట్టు మట్టిలోంచి తీసుకునేది ఇదిగో ఈ ఖనిజాలే. బరువులో లెక్కకు రావు, కానీ అవి లేకపోతే చెట్టే లేదు.

ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. శక్తి వస్తుంది, ఖర్చవుతుంది, వేడిగా మారి పోతుంది. అది తిరిగి రాదు, రోజూ సూర్యుడి నుంచి కొత్తది రావాల్సిందే. పదార్థం అలా కాదు. పరమాణువులు లైబ్రరీ పుస్తకాల లాంటివి, ఒకరి దగ్గర కొన్నాళ్లు ఉండి ఇంకొకరి చేతికి పోతాయి. మీ ఒంట్లో ఉన్న కార్బన్ మీకన్నా ముందు ఎన్ని ఒళ్లు తిరిగొచ్చిందో!

ఈ సూక్ష్మజీవులను తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో ఒక పెద్ద ప్రయోగం చూపించింది. అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అని గాజు కప్పుల కింద ఒక చిన్న ప్రపంచం కట్టారు. లోపల వానాడవి, గడ్డి నేల, చిన్న సముద్రం, పొలం. 1991 సెప్టెంబరులో 8 మంది లోపలికి వెళ్లి రెండేళ్లు ఉండేలా తలుపులు మూసేశారు. గాలి, నీరు అన్నీ లోపలే తిరగాలి. కొన్ని నెలలకే టెన్షన్ మొదలైంది. గాలిలో 20.9 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ తగ్గుతూ తగ్గుతూ 16 నెలల్లో 14.5 శాతం దగ్గరికి దిగింది. సుమారు 4 వేల మీటర్ల కొండ మీద బతుకుతున్నట్టు లెక్క. పని చేస్తే ఆయాసం, రాత్రి నిద్ర పట్టదు. చివరికి బయటి నుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది.

ఆక్సిజన్ ఎక్కడికి పోయింది? మన రెండో ప్రశ్న. మొక్కలు బాగా పెరగాలని మట్టిలో కంపోస్టు దండిగా కలిపారు. ఆ ఆహారం దొరికేసరికి నేలలోని సూక్ష్మజీవులు విజృంభించి, మొక్కలు ఇచ్చినదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ వాడేశాయి. సరే, అలాగైతే అంతే మోతాదులో కార్బన్ డయాక్సైడ్ పెరగాలి కదా? అంత పెరగలేదు. ఆ లెక్క తేలక శాస్త్రవేత్తలు కొంతకాలం తల పట్టుకున్నారు. చివరికి దొంగ దొరికింది, గోడల్లోని కాంక్రీటు! అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నపురాయిగా మార్చుకుంటోంది. ఆ ప్రయోగం విఫలమైందని చాలామంది వెక్కిరించారు. నాకైతే ఇంత మంచి పాఠం ఇంకో చోట దొరకదనిపిస్తుంది.

ఇదే ఆటను భూమి మొత్తం మీద చూడాలంటే ఒక గ్రాఫ్ ఉంది. 1958 నుంచి హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తున్నారు. చార్లెస్ కీలింగ్ మొదలుపెట్టిన పని ఇది. ఆ గీత రంపపు పళ్లలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో అడవులు చిగురించే వేసవి నెలల్లో దిగుతుంది, ఆకులు రాలి కుళ్లే నెలల్లో ఎక్కుతుంది. దిగడం ఆకుల పని, ఎక్కడం విచ్ఛిన్నకారుల పని. కానీ ఆ గీత ఏటా దిగిన చోటికే తిరిగి రావడం లేదు. మొదట్లో పది లక్షల పాళ్లలో 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఎక్కడి నుంచి వచ్చింది? కోట్ల ఏళ్ల కిందట పూర్తిగా కుళ్లకుండా మట్టి కింద పడిపోయిన మొక్కలూ సూక్ష్మజీవులూ బొగ్గుగా, చమురుగా మారాయి. అప్పుడు ఆగిపోయిన పనిని మనం ఇప్పుడు ఇంజన్లలో పూర్తి చేస్తున్నాం.

నత్రజని గురించి రెండు ముక్కలు. గాలిలో 78 శాతం అదే, అయినా మొక్కకు నేరుగా పనికిరాదు, దాని బంధం అంత గట్టిది. చిక్కుడు జాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా లాంటివి దాన్ని విడగొట్టి పెడతాయి. బుడిపెను గోటితో చిదిమితే లోపల లేత గులాబీ రంగు కనిపిస్తే అది పని చేస్తున్నట్టే.

ఇక ఇందాకటి మెట్ల లెక్కను తలకిందులు చేసే సంగతి ఒకటుంది. శక్తి ప్రతి మెట్టు దగ్గరా ఖర్చైపోతుంది. మరి ఖర్చు కానిది ఏదైనా ఆహారంతో పాటు పైకెక్కితే? డీడీటీ అనే పురుగుమందు అలాంటిది. ఒంట్లో సులువుగా విరగదు, కొవ్వులో పేరుకుంటుంది. చేప తన జన్మంతా తిన్న ప్లవకాలలోని, అంటే నీటిలో తేలే చిన్నచిన్న జీవులలోని శక్తిని కరిగించేసుకుంటుంది, వాటిలోని విషాన్ని మాత్రం దాచుకుంటుంది. 1967లో అమెరికాలోని లాంగ్ ఐలాండ్ తీరంలో కొలిస్తే ప్లవకాల్లో పది లక్షల పాళ్లకు 0.04 ఉన్న డీడీటీ, చేపలు తినే పక్షుల్లో 25 దాకా, కొన్నిటిలో ఇంకా ఎక్కువ ఉంది. దీన్నే జైవిక వృద్ధీకరణం అంటారు. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన జబ్బు కూడా ఇలాంటిదే, అక్కడ పాదరసం. సముద్రంలో కలిసింది కదా, పలచబడిపోతుందిలే అనుకున్నారు. ఆహార గొలుసు దాన్ని మళ్లీ చిక్కబరిచింది.

జనాభాకు వద్దాం. బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అని ఒక దీవి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడున్న సిబ్బందికి అవసరమైతే ఆహారంగా ఉంటాయని 1944లో 29 రెయిన్‌డీర్లను దింపారు. యుద్ధం ముగిసింది, మనుషులు వెళ్లిపోయారు, జంతువులు మిగిలాయి. వేటాడే జంతువు లేదు. నేల నిండా దట్టమైన లైకెన్లు, అంటే శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే జీవులు. 1957కి అవి 1,350 అయ్యాయి. 1963కి 6,000. 1966లో వెళ్లి చూస్తే బతికున్నవి 42! చుట్టూ ఎముకలు.

మధ్యలో ఏం జరిగింది? 1963–64 చలికాలం భయంకరమైన మంచు కురిసింది నిజమే. కానీ మంచు మీద నేరం మోపితే సరిపోదు. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. దశాబ్దాలుగా పేరుకున్నదాన్ని అవి ఇరవై ఏళ్లలో ఊడ్చేశాయి. 1963లో చూసిన జంతువులు 1957 నాటి వాటికన్నా అప్పటికే బక్కచిక్కి ఉన్నాయి. ఒక చోటు ఎన్నిటిని నిలబెట్టి పోషించగలదో దాన్ని భరించే సామర్థ్యం అంటాం. దాన్ని దాటిన రోజు ఏ గంటా మోగదు. సంఖ్య పెరుగుతూనే ఉంటుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

వేటజంతువు లేకపోతే ఏమవుతుందో ఇంకో రకంగా చూపినవాడు రాబర్ట్ పెయిన్. 1963లో అమెరికా పశ్చిమ తీరంలో ఒక రాతి ఒడ్డున కొంత మేర ఎంచుకుని, అక్కడి నక్షత్ర చేపలను గునపంతో పెకలించి సముద్రంలోకి విసిరేయడం మొదలుపెట్టాడు. రాళ్లకు ఎంత గట్టిగా కరుచుకుంటాయో, చేతులతో రావు. మళ్లీ మళ్లీ వెళ్లి అదే పని. అక్కడ మొదట 15 జాతులు ఉండేవి, ఏడాది దాటేసరికి 8 మిగిలాయి. నక్షత్ర చేప ఆల్చిప్పలను తింటుంది. అది లేకపోయేసరికి ఆల్చిప్పలు రాయంతా ఆక్రమించి మిగతావాటిని తోసేశాయి. తినేవాడు పోతే అందరూ సుఖంగా ఉంటారనుకుంటాం, ఇక్కడ జాతుల్లో సగం పోయాయి. ఇలా తన సంఖ్యకు మించిన ప్రభావం చూపే జీవికి ఆయన 1969లో కీలక జాతి అని పేరు పెట్టాడు. ప్రతి జీవీ కీలకమే అని ప్రసంగాల్లో అంటుంటారు, వినడానికి బాగుంటుంది, కానీ పెయిన్ చూపింది అది కాదు. కొన్నిటిని తీసేస్తే పెద్దగా తేడా కనిపించదు, కొన్నిటిని తీస్తే అంతా తారుమారవుతుంది. ఏది ఎలాంటిదో ముందే చెప్పడం కష్టం, అదీ ఇబ్బంది.

‘ప్రకృతి సమతుల్యం’ అనే మాట మీద కూడా నాకు కాస్త అనుమానమే. అన్నీ కదలకుండా నిలిచి ఉన్నట్టు వినిపిస్తుంది. కెనడా అడవుల్లో కుందేళ్లూ వాటిని తినే లింక్స్ పిల్లులూ సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి, ఎప్పుడూ ఒక చోట ఆగవు. ఐస్‌లాండ్ దగ్గర 1963లో అగ్నిపర్వతం పేలి సర్ట్‌సీ అనే దీవి పుట్టింది. ఉత్త రాయీ బూడిదా. మొదట సముద్రం మోసుకొచ్చిన విత్తనాలతో కొన్ని మొక్కలు, తర్వాత గూళ్లు కట్టుకునే పక్షులు. పక్షుల రెట్టతో మట్టికి నత్రజని అందాక పచ్చదనం ఒక్కసారిగా పెరిగింది. అది ఇంకా మారుతూనే ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు. చెప్పమ్మా, గట్టిగా చెప్పు. ‘దోమలన్నీ అంతరిస్తే ఏమవుతుంది సార్?’ మంచి ప్రశ్న. ‘దోమలు’ అని ఒక్క మాటలో అనేశావు, వాటిలో 3,500కు పైగా జాతులున్నాయి. మనిషికి రోగాలు మోసేవి అందులో కొద్ది భాగమే. కుట్టేవి ఆడదోమలే, మగవి పూలతేనె తాగి బతుకుతాయి. కాబట్టి ఏ జాతి పోతే అని ముందు అడగాలి. ఆ తర్వాత మన రెండు ప్రశ్నలు. దాని పిల్ల పురుగు నీటిలో ఏం తిని పెరుగుతోంది? ఆ పురుగును ఏ చేప తింటోంది, ఎగిరే దోమను ఏ పక్షి తింటోంది, వాటికి వేరే తిండి ఉందా? ఒక మలేరియా దోమ జాతి ఒక ప్రాంతంలో పోతే అక్కడి చేపలూ పక్షులూ వేరే పురుగులతో సర్దుకోవచ్చు. ధ్రువప్రాంతపు చిత్తడి నేలల్లో వేసవిలో మబ్బులా లేచే దోమల సంగతి వేరు, అక్కడ వాటి మొత్తం బరువే చాలా ఎక్కువ. రెండిటికీ ఒకే జవాబు చెప్పేవాళ్లను నమ్మకు. ఆ పక్కనబ్బాయి చెయ్యెత్తాడు, నువ్వు అడుగు బాబూ.